హీరోకి మతిమరుపు, ఇద్దరు అమ్మాయిలు: మీ కథలో బిగించాల్సిన చోట్లు

మీరు పంపిన కథ క్లుప్తంగా ఇదీ. వైజాగ్ ఫిషింగ్ హార్బర్‌లో బోటు మెకానిక్ వాసు, అక్కడే ఐస్ ఫ్యాక్టరీలో లెక్కలు రాసే లిల్లీని ప్రేమిస్తాడు. ఫ్యాక్టరీ ఓనరైన లిల్లీ అన్న మనుషులు కొడితే తలకి దెబ్బ తగిలి, పేరుతో సహా అంతా మరచిపోతాడు. ఆసుపత్రిలో ఫిజియోథెరపిస్టు భార్గవి మీద ప్రేమ పుడుతుంది. క్లైమాక్స్‌లో తలకి మళ్ళీ దెబ్బ, అంతా గుర్తొస్తుంది, భార్గవి తూటాకి అడ్డం పడి చనిపోతుంది. నెరేషన్ విన్నవాళ్ళందరూ పాత కథే అంటున్నారు, ఏం మార్చాలి అని అడిగారు.

మతిమరుపు పాతబడలేదు. మీ కథలో దానికి నియమం లేదు, అదీ చిక్కు. ఏది పోతుంది, ఏది మిగులుతుంది, పోయింది ఏ వరసలో తిరిగొస్తుంది అన్నవి వైద్యంలో బాగానే తెలిసిన విషయాలు. వాటిని సరిగ్గా వాడితే భార్గవి పాత్ర, సెకండాఫ్, ఫైట్లు మూడూ వాటంతటవే మారిపోతాయి.

ముందు పేరు సంగతి. తలకి దెబ్బ తగిలినవాడు తన పేరు, అమ్మానాన్నలు, ఊరు అన్నీ పూర్తిగా మరచిపోయి, నిన్న జరిగింది మాత్రం చక్కగా గుర్తుపెట్టుకోవడం దాదాపు ఉండదు. అలా కనిపిస్తే డాక్టర్లు మానసిక కారణం కోసం వెతుకుతారు. తట్టుకోలేని సంఘటన తర్వాత మనసు తన గతాన్నే మూసేసుకోవడం అది, దానికి దెబ్బే అక్కర్లేదు. ‘గజినీ’ (2005) హీరోది ఇంకో రకం, దెబ్బ తర్వాత కొత్త జ్ఞాపకాలు నిలవకపోవడం. మీకు కావలసింది మూడోది: దెబ్బకు ముందున్న కొంత కాలం మాత్రమే చెరిగిపోవడం.

ఈ మూడో రకానికి 1881లోనే ఫ్రెంచి పండితుడు థియోడ్యూల్ రిబో ఒక సూత్రం చెప్పాడు. కొత్త జ్ఞాపకాలు ముందు పోతాయి, పాతవి నిలుస్తాయి. దీనికి బ్రిటన్‌లో న్యూరాలజిస్టు రిచీ రసెల్ రాసిన ఒక కేసు మీలాంటి రచయితలు తప్పక తెలుసుకోవాలి. 1933 ఆగస్టులో 22 ఏళ్ళ గోల్ఫ్ మైదానం పనివాడొకడు మోటార్‌సైకిల్ మీంచి పడ్డాడు. వారం తర్వాత మామూలుగానే మాట్లాడుతున్నాడు, కానీ ఇప్పుడు ఏ సంవత్సరం అంటే 1922 అన్నాడు. తాను ఇంకా బడికెళ్ళే కుర్రాణ్ణనే నమ్మాడు. మధ్యలో ఆస్ట్రేలియాలో గడిపిన ఐదేళ్ళు, తిరిగొచ్చి పనిచేసిన రెండేళ్ళు ఏవీ లేవు. తర్వాత ఆ ఖాళీ పాత వైపు నుంచి కొత్త వైపుకి మెల్లగా పూడుతూ వచ్చింది. సుమారు పది వారాలకి, ప్రమాదానికి ముందు కొద్ది నిమిషాలు తప్ప అన్నీ వచ్చేశాయి.

మీ స్క్రీన్‌ప్లే మొత్తం ఈ కేసులోనే ఉంది. ఇలా మతిపోయినవాడి బుర్ర ఖాళీ పలక కాదు. వాడు పాత తేదీలో బతుకుతుంటాడు. అంటే మరుపు కొత్త ప్రేమను పుట్టించక్కర్లేదు, ఎప్పుడో ముగిసిన ప్రేమను మళ్ళీ ఈ రోజుకి తెచ్చిపెడుతుంది. కాబట్టి భార్గవిని ఆసుపత్రిలో కొత్తగా పరిచయం చేయకండి. లిల్లీ కంటే ముందు వాసు ప్రేమించింది భార్గవినే అనుకోండి. 22 నెలల కిందట విడిపోయారు. దెబ్బ తీసుకెళ్ళింది సరిగ్గా ఆ 22 నెలల్నే. కళ్ళు తెరిచిన వాసుకి భార్గవితో ఏ గొడవా జరగలేదు, లిల్లీ అనే మనిషే లేదు.

దీంతో ఇంకో చిక్కు కూడా తీరుతుంది. చికిత్స చేసే మనిషి, మతి సరిగా లేని పేషెంటుతో ప్రేమలో పడటం వృత్తి ధర్మానికి విరుద్ధం. ఇవాళ్టి ప్రేక్షకుడు దాన్ని పట్టుకుంటాడు, భార్గవి మీద గౌరవం పోతుంది. ఆమెని ఫిజియోథెరపిస్టుగానే ఉంచాలనుకుంటే వేరే ఆసుపత్రిలో పెట్టండి. వాసు తల్లి ఫోన్ చేసి బతిమాలితేనే వస్తుంది.

ఇక విడిపోవడానికి కారణం. ఇక్కడ వాసు తప్పు తప్పనిసరిగా ఉండాలి. నన్నయ భారతంలో దుష్యంతుడికి శకుంతల బాగానే గుర్తుంది, లోకానికి జడిసి తెలియదంటాడు. కాళిదాసు దుర్వాసుడి శాపం, ఉంగరం తెచ్చి ఆ తప్పును రాజు నెత్తి మీంచి దించేశాడు. మన సినిమాల్లో మతిమరుపు చాలాసార్లు ఇదే పని చేస్తుంది, హీరో తప్పును మాఫీ చేస్తుంది. మాఫీ అయిన చోట డ్రామా చచ్చిపోతుంది. అందుకని మరుపు కడగలేని తప్పొకటి వాసుకి పెట్టండి. భార్గవి నాన్న ఆఖరి గడియల్లో ఉన్నప్పుడు ఏదో పంతానికి వాసు ఆమె ఫోన్ ఎత్తలేదు. ఆయన పోయారు. ఆమె మళ్ళీ వాసు మొహం చూడలేదు.

ఇప్పుడు ఆసుపత్రి సీను రాసి చూడండి. డాక్టరు మామూలుగా అడిగే ప్రశ్నలే అడుగుతాడు: ఇది ఏ ఊరు, ఏ సంవత్సరం, దెబ్బకు ముందు ఆఖరుగా గుర్తున్నదేంటి. వాసు సంవత్సరం తప్పు చెప్తాడు. తలుపు దగ్గర నిలబడ్డ భార్గవిని చూసి మొహం వెలిగిపోతుంది. ‘మావయ్యకి ఎలా ఉంది? బీపీ బిళ్ళలు వేసుకుంటున్నారా?’ అంటాడు. ఆమె నోరు తెరుస్తుంది, మాట రాదు, ‘బానే ఉన్నారు’ అంటుంది. ఆ ఒక్క అబద్ధంతో భార్గవి కథలోకి వచ్చేసింది. ఇక నిజం ఎప్పుడు చెప్పాలన్నది ఆమె చేతిలో ఉంది. మీ పాత వెర్షన్‌లో ఆమెకి ఇలా తేల్చుకోవలసింది ఒక్కటీ లేదు, అందుకే చివర్లో తూటా అవసరమైంది.

సెకండాఫ్ వరస కూడా రసెల్ కేసే ఇస్తుంది. తిరిగొచ్చే జ్ఞాపకాల్లో పాతవి ముందు. అంటే వాసుకి మొదట గుర్తొచ్చేది లిల్లీ కాదు, మోగి మోగి ఆగిపోయిన ఆ ఫోనూ, భార్గవి గుమ్మంలో చూసిన శవమూ. వెంటనే పరుగెత్తుకెళ్ళి అడగవలసింది భార్గవినే: ‘నాకెందుకు చెప్పలేదు?’ ఆ తర్వాత వారాల్లో లిల్లీ ముక్కలుగా వస్తుంది. మొదట ఐస్ ఫ్యాక్టరీ కిటికీలో ఒక చెయ్యి, తర్వాత గొంతు, ఆఖరుకి పెళ్ళి నోటీసు మీద ఇద్దరూ సంతకం పెట్టిన రోజు. అతని మనసు భార్గవి నుంచి లిల్లీకి రావడం ప్రేక్షకుడి కళ్ళ ముందే, అసలు ఏ క్రమంలో జరిగిందో అదే క్రమంలో రెండోసారి జరుగుతుంది. వాస్తవంలో ఇంత శుభ్రమైన వరస ఉండదు. మధ్య మధ్య దీవుల్లా కొన్ని ముందే తేలతాయి. ఒకట్రెండు అలా ముందుగా తేల్చండి, మిగతాది వరసలోనే ఉంచండి.

దెబ్బకు ముందు ఆఖరి నిమిషాలు మాత్రం సాధారణంగా ఎప్పటికీ రావు. అవి మరుపున పడలేదు, అసలు మెదడులో నమోదే కాలేదు. కాబట్టి ‘నన్ను కొట్టింది నువ్వే, గుర్తొచ్చింది’ అనే డైలాగు కొట్టేయండి. విలన్ని సాక్ష్యంతోనే పట్టాలి. తల మీద దాడి కేసు వస్తే ఆసుపత్రి ఎం.ఎల్.సి. (పోలీసు కేసయ్యే గాయాల నమోదు) రాసి పోలీసులకి చెప్తుంది, 2024 జులై 1 తర్వాత కథయితే హత్యాయత్నం భారతీయ న్యాయ సంహిత 109 కింద పడుతుంది. ఎస్సై వాంగ్మూలం కోసం వస్తే వాసు దగ్గర ఏమీ ఉండదు. కేసు సీసీ కెమెరాల మీద, సెల్ టవర్ల మీద నడుస్తుంది. నార్కో పరీక్షతో తేల్చేద్దామనే సీను పెట్టకండి. మనిషి ఒప్పుకోకుండా అది చెయ్యకూడదని సుప్రీంకోర్టు 2010లోనే చెప్పింది. మత్తు ఇవ్వకుండా కరెంటు షాకులు ఇవ్వడాన్ని 2017 మానసిక ఆరోగ్య చట్టం నిషేధించింది, అదీ వద్దు.

యాక్షన్ మాట. మీ ఐదు ఫైట్లలో నాలుగింటిని తీసేసినా కథ కదులుతుంది, అంటే అవి కథలో లేవన్నట్టే. మరుపులో పోయేది జరిగిన సంగతుల జ్ఞాపకం. చేతికి అబ్బిన పని పోదు. 1953లో మూర్ఛ కోసం మెదడు ఆపరేషన్ చేయించుకున్న హెన్రీ మొలైసన్‌కి ఆ తర్వాత కొత్త సంగతులు ఏవీ నిలవలేదు. మానసిక శాస్త్రవేత్త బ్రెండా మిల్నర్ అతనితో అద్దంలో చూస్తూ నక్షత్రం గీయించింది. రోజు రోజుకీ గీత బాగుపడింది. ఈ పని ఎప్పుడైనా చేశావా అంటే ప్రతిసారీ లేదన్నాడు.

దీన్ని ఫైట్లోకి తెచ్చే దారి ఇదీ. పోయిన 22 నెలల్లో వాసు లిల్లీ పెదనాన్న దగ్గర కర్రసాము నేర్చుకున్నాడు. దానిలో ఒకే ఒక్క దెబ్బను గుర్తుగా పెట్టుకోండి: ఎదుటివాడి కర్రని ఆపుతూనే తన కర్రని ఎడమ చేతికి మార్చి, మోకాలి కింద నుంచి లేపడం. మొదటి ఫైట్లో వాసు పాత పద్ధతిలోనే, పిడికిళ్ళతో, తడబడుతూ కొట్టాలి. ఇంటర్వెల్ ఫైట్లో ఎవరో విసిరిన తెడ్డు చేతికి దొరుకుతుంది. చేతులు వాటంతటవి ఆ దెబ్బ వేస్తాయి. వాసు ఆగిపోయి తన చేతుల్ని చూసుకుంటాడు. గుంపులో లిల్లీ ఉంది. ‘ఇది నీకు ఎవరు నేర్పారు?’ అని అడుగుతుంది, జవాబు లేదు. ఇంటర్వెల్ కార్డు. పది మందిని గాల్లోకి లేపే రోప్ షాట్ల కంటే ఈ ప్రశ్న బలంగా పడుతుంది, ఎందుకంటే ఇక్కడ ఫైటే ప్రేమకి సాక్ష్యం. ఫైట్ మాస్టర్‌కి స్క్రిప్టులోనే రాసివ్వండి: ఆ దెబ్బ సినిమా మొత్తంలో మూడుసార్లే, మూడుసార్లూ ఒకే కోణంలో, స్లో మోషన్ లేకుండా. మిగతా ఫైట్లలో పొరపాటున కూడా వాడొద్దని కింద గీత గీసి చెప్పండి, లేకపోతే రిహార్సల్లో ఎక్కడో కలిపేస్తారు.

విలన్‌కి కూడా ఇలాంటిదొకటి ఉంది. 1911లో స్విస్ వైద్యుడు క్లపరేద్, కొత్త సంగతులు నిలవని ఒక ఆమెతో చేతిలో గుండుసూది దాచి కరచాలనం చేశాడు. తర్వాత ఆమెకి అది గుర్తులేదు, కానీ ఆయన చెయ్యి చాపితే వెనక్కి లాక్కుంది, కారణం చెప్పలేకపోయింది. స్పృహ వచ్చాక కూడా మొదటి కొన్ని రోజులు తలదెబ్బ పేషెంట్లకి ఏదీ నిలవదు. పలుకుతారు, నీళ్ళు అడుగుతారు, మర్నాటికి అవేవీ ఉండవు. మీ కథలో ఆ దశ పది రోజులు పెట్టండి. అంత ఉంటే దెబ్బ తీవ్రమైనదనే లెక్క, మీకు కావలసిందీ అదే. ఆ రోజుల్లో లిల్లీ అన్న పరామర్శకని వార్డుకి వచ్చి, వాసు విరిగిన వేళ్ళని చిన్నగా నొక్కుతాడు. నెల తర్వాత ఏదో పెళ్ళిలో నవ్వుతూ చెయ్యి చాపుతాడు. వాసు చెయ్యి వెనక్కి పోతుంది. ఎందుకో వాసుకి తెలీదు, ప్రేక్షకుడికి తెలుసు.

గాయం ఏ రకమో కూడా ముందే తేల్చుకోండి, అది షూటింగ్ ఖర్చుకి సంబంధించినది. పుర్రె ఎముక తీసే ఆపరేషన్ రాస్తే గుండు చేయాలి, నెలకి సుమారు సెంటీమీటరు లెక్కన జుట్టు పెరగాలి, ఎముక తిరిగి అమర్చేదాకా నెలలు పడుతుంది, అంతవరకు ఫైటన్న ఆలోచనే ఉండకూడదు. మెదడు కణత భాగంలో కమిలిన గాయం, ఆపరేషన్ అవసరం లేనిది, నుదుటి పైన కుట్లు: ఇలా రాస్తే జుట్టు అలాగే ఉంటుంది, కుట్లు వారం పది రోజుల్లో తీస్తారు, తర్వాత మచ్చ ప్యాచ్ ఒకటి చాలు. ఆరో వారానికి ముందు వాసుని కొట్లాటలోకి లాగకండి. లాగిన రోజు రాత్రి తలనొప్పి, వాంతి, వెలుతురు చూడలేకపోవడం చూపించండి. ఫిట్స్ రాకుండా పొద్దున, రాత్రి వేసుకునే బిళ్ళలు అతని జేబులో ఎప్పుడూ ఉండాలి, అది ప్రాపర్టీ లిస్టులో ఎక్కించండి.

మల్లెపూల వాసనకి లిల్లీ గుర్తొచ్చే సీను రాశారు కదా, అది తీసేయడమే మేలు. తలకి గట్టి దెబ్బ తగిలినవాళ్ళలో వాసన పోవడం తరచుగా ఉంటుంది, ముక్కు పైన ఉండే సన్నని నరాలు తెగిపోతాయి. దీన్ని తిరగేసి వాడండి. వాసు హార్బర్‌కి తిరిగొస్తాడు, చేపలు, డీజిలు, ఎండుతున్న వలలు అన్నీ ఉన్నాయి, వాసన మాత్రం లేదు. తన చోటే తనకి పరాయిదైపోయింది. దీనికి డైలాగు అక్కర్లేదు, పక్కవాడు ముక్కు మూసుకోవడం, ఇతను మామూలుగా నిలబడటం చాలు.

ఇవాళ్టి కథలో అన్నిటికంటే పెద్ద కన్నం సెల్‌ఫోను. మనిషికి మతి పోయినా వేలిముద్రతో ఫోను తెరుచుకుంటుంది, ఫొటోలు, చాట్లు అన్నీ ఉంటాయి. ఫోను సముద్రంలో పడేసినా అదే నంబరుకి కొత్త సిమ్ము తీసుకుంటే బ్యాకప్పులు తిరిగొస్తాయి. కాల్ లిస్టు పోలీసులు తీస్తారు. కాబట్టి వీళ్ళిద్దరి మధ్య ఫోనే ఉండకూడదు. లిల్లీ అన్న ఇంట్లో ఆడవాళ్ళ ఫోన్లు చూస్తాడు, అందుకే వాళ్ళు ఐస్ బిల్లుల వెనక రాసుకునేవాళ్ళు. బోటుకి ఐస్ దింపినప్పుడల్లా ఒక బిల్లు. అవి వాసు ఇంట్లో కట్టగా ఉన్నాయి, తల్లికి అవి ఉత్త లెక్కల కాగితాలే.

మరి దాడి ఎందుకు జరిగింది? మీరు ‘అన్నకి తెలిసిపోయింది’ అని వదిలేశారు. లిల్లీ, వాసుల మతాలు వేరు, కాబట్టి ఎవరూ మతం మారకుండా 1954 ప్రత్యేక వివాహ చట్టం కింద పెళ్ళి చేసుకోవాలనుకున్నారని పెట్టండి. దానికి 30 రోజుల ముందు మ్యారేజ్ ఆఫీసరుకి నోటీసివ్వాలి. ఆ నోటీసు ఆఫీసులో అందరికీ కనిపించేలా అంటిస్తారు. నోటీసు పుస్తకాన్ని ఎవరైనా డబ్బు కట్టకుండా చూడొచ్చు. అన్నకి తెలిసింది అలా. నోటీసిచ్చిన తొమ్మిదో రోజున దాడి. వాసు సంతకం పెట్టిన ఆ నోటీసు ఆఫీసు రికార్డుల్లో ఉంది, లిల్లీ చూపించగలిగిన ఒకే ఒక్క రుజువు అదే. ఇంకో సంగతి, నోటీసిచ్చిన మూడు నెలల్లో పెళ్ళి జరగకపోతే అది చెల్లదు. దాడి తర్వాత పది వారాలకి జ్ఞాపకాలు పూర్తవుతాయంటే 79వ రోజు. గడువుకి పది పన్నెండు రోజులు మిగులుతాయి. సెకండాఫ్‌కి గడియారం దొరికింది. మళ్ళీ కొత్త నోటీసు ఇచ్చుకోవచ్చు కదా అని తెలివైన ప్రేక్షకుడు అడుగుతాడు. ఇచ్చుకోవచ్చు, అయితే మళ్ళీ 30 రోజులు ఆ గోడ మీద వాళ్ళ పేర్లు అన్న కంట పడుతూనే ఉండాలి. ఆ మాట లిల్లీ చేతే చెప్పించండి.

ఒక జాగ్రత్త: దాడికి ముందే లిల్లీతో పెళ్ళి అయిపోయినట్టు రాయకండి. మొదటి పెళ్ళి ఉండగా రెండో పెళ్ళి చెల్లదు, న్యాయ సంహిత 82 కింద నేరం. అప్పుడు వాసు మనసు ఏమంటుందన్న ప్రశ్నే మిగలదు, చట్టమే తేల్చేస్తుంది.

క్లైమాక్స్‌లో రెండో దెబ్బ విషయం. గాయపడిన మెదడుకి మళ్ళీ దెబ్బ తగిలితే ప్రాణం మీదికొస్తుంది, జ్ఞాపకం రాదు. దెబ్బలు తగిలే ఫైటు కచ్చితంగా కావాలంటే ఆ గాయం వేరొకరికి పెట్టండి. పుర్రెకీ మెదడు పొరకీ మధ్య రక్తం చేరితే మనిషి మొదట బాగానే మాట్లాడతాడు, కొన్ని గంటల్లో కూలిపోతాడు. లిల్లీ పెదనాన్న ఫైటు తర్వాత లేచి నవ్వి, ‘నాకేం కాలేదురా’ అని టీ తాగి, పడిపోతాడు. అప్పుడు భార్గవి ఆయన కంటిపాప చూసి కేజీహెచ్‌కి (వైజాగ్ పెద్దాసుపత్రికి) పరుగెత్తిస్తుంది. తన నాన్న విషయంలో ఎవరూ చేయలేకపోయినది ఆమె ఇక్కడ చేస్తుంది. ఆమెని చంపొద్దు. వాసు, లిల్లీల పెళ్ళికి సాక్షి సంతకం పెట్టించి త్యాగమూర్తిని కూడా చేయొద్దు. నిజం చెప్పేశాక వాసుతో ఆమెకి మిగిలిన లెక్క ఒక్కటే, నాన్న విషయంలో క్షమాపణ. అది తీసుకోవాలా వద్దా అనేది ఆమె ఇష్టం. రెండు రకాలుగానూ రాసి చూసుకోండి, తీసుకోకుండా వెళ్ళిపోయేదే నాకు బలంగా తోస్తోంది.

నిడివి 150 నిమిషాలనుకుంటే, సినిమా ఆసుపత్రిలో కళ్ళు తెరవడంతో మొదలవ్వాలి. పోయిన గతం గురించి వాసుకి తెలిసినంతే ప్రేక్షకుడికీ తెలియాలి. భార్గవితో డ్యూయెట్ పన్నెండో నిమిషానికి, లిల్లీ ఒక ముక్కు మొహం తెలియని అమ్మాయిగా ఇరవయ్యో నిమిషానికి. పోయిన 22 నెలలు మొత్తం తెర మీద పాతిక నిమిషాలు దాటొద్దు, ఐదారు ముక్కలుగా చేయండి. ఒకేసారి అరగంట ఫ్లాష్‌బ్యాక్ వేస్తే రసెల్ వరస పాడైపోతుంది, భార్గవి కథలో నుంచి మాయమైపోతుంది.

సంతకం పెట్టిన రోజు సీను మూడు రకాలుగా తీయాలి: లిల్లీ చెప్పినట్టు, అన్న అబద్ధంగా చెప్పినట్టు, వాసుకి గుర్తొచ్చినట్టు. ముగ్గురి మాటల్లో తేడా రెండు మూడు వస్తువుల్లోనే ఉండాలి. పెన్ను ఎవరి చేతిలో ఉంది, తలుపు తెరిచుందా మూసుందా, ఎవరు ముందు నవ్వారు. మూడూ ఒకే రోజు, అదే లెన్సుతో తీయించండి. వేరే షెడ్యూల్లో తీస్తే గడ్డం, వెలుతురు మారి ఎడిటింగ్‌లో కలవవు. డి.ఐ.లో (ఎడిటింగ్ అయ్యాక రంగులు సరిదిద్దే దశలో) జ్ఞాపకాలకి పసుపు రంగు పూయనివ్వకండి, రంగు మారిందంటే అది నిజమో అబద్ధమో ప్రేక్షకుడికి ముందే తెలిసిపోతుంది.

బౌండ్ స్క్రిప్టుకి (డైలాగులతో సహా పూర్తయిన స్క్రిప్టుకి) ముందు ఒక పట్టిక వేసుకోండి. అడ్డంగా వాసు, లిల్లీ, భార్గవి, అన్న, ప్రేక్షకుడు. నిలువుగా సీను నంబర్లు. ఏ సీను అయ్యేసరికి ఎవరికి ఏం తెలుసో ఒక్క ముక్కలో రాయండి. వరసగా మూడు సీన్లలో ఏ గడీ మారకపోతే ఆ మూడింట్లో ఒకటి తీసేయండి. ఈసారి నెరేషన్‌లో మతిమరుపు అనే మాటతో మొదలుపెట్టకండి. ‘మావయ్యకి ఎలా ఉంది?’ సీనుతో మొదలుపెట్టండి.